బోడెన్‌జే ఒడ్డున బడికి, ఒక శాలువాతో

చెప్పాలని కడుపు ఉబ్బిపోతున్నది. కానీ సంగతి ముందే చెప్పేస్తే మీరు దారంతా చదవరు, నాకు తెలుసు. అందుకే వరసగా చెప్త. జర్మనీకి దక్షిణం కొసల బోడెన్‌జే అని పెద్ద సరస్సు ఉన్నది. దాని పక్కన ఒక కొండ, కొండ మీద ఒక ప్రైవేటు బడి. అక్కడ హాస్టల్లో ఉండి ఆఖరి క్లాసులు చదువుకోవచ్చు, మన ఇంటర్ లెక్క. ఆ బడిల సీటు కోసం అక్షయను తీసుకొని పోయొచ్చిన.

అక్షయ నాకు మేనకోడలు. రక్తం కలవదు కానీ వాళ్ల నాన్న రమేశన్నను నేను అన్న అంట, కాబట్టి ఆమెకు నేను అత్త. ఈ లెక్క ఇక్కడోళ్లకు చెప్పాలంటే సగం రోజు పడుతది. ఎట్ల చెప్పిన్నో ముందు ముందు వస్తది.

జీగెన్ నుంచి

నా గురించి రెండు ముక్కలు. మా అమ్మ కోరుట్ల దగ్గర బీడీలు చుడుతది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, మాస్టర్స్ చేసిన మొదటి మనిషిని కూడా నేనే. జీగెన్ యూనివర్సిటీల పట్టా చేతికొచ్చి వారం కాలేదు. ఎవరన్నా ఒక నిమిషం ఆగితే చాలు, పట్టా ఫొటో చూపిస్తున్న. బస్ డ్రైవర్‌కు కూడా చూపించిన. ఆయన చూసి, బాగుంది, కానీ టికెట్ చూపించు అన్నడు.

జీగెన్ అంటే అన్నీ కొండలే. యూనివర్సిటీకి ఎక్కాలె, ఇంటికి ఎక్కాలె, కూరగాయలకు దిగి మళ్లీ ఎక్కాలె. బస్సుల మన పిల్లలే సగం. వరంగల్ యాస ముందు సీట్ల, గుంటూరు యాస వెనక సీట్ల. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్ దొరికిందా, మీటె అంటే కిరాయి ఎంత, పార్ట్‌టైమ్ ఏమన్నా ఉందా, ఇవే మాటలు. ఆ బస్సులనే ఉన్నప్పుడు రమేశన్న ఫోన్ చేసిండు.

అన్న ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌ల ఐటీ కన్సల్టెంట్, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చిండు. ఆయన ప్రాజెక్టు లైవ్‌కు పోయేది ఆ వారమే, సెలవు దొరకదు. వదినకు శనివారమే జర్మన్ భాష పరీక్ష, చాలా రోజుల కింద దొరికిన టెర్మిన్, వదిలితే మళ్లీ ఎప్పుడో. అక్షయకు బడి వాళ్లు పిలిచింది కూడా అదే శనివారం. తోడు ఎవరన్నా పెద్దమనిషి రావాలె. నువ్వు చదువుకున్నదానివి, జర్మన్ వచ్చినదానివి, నువ్వు పో అన్నడు. చదువుకున్నదానివి అన్న మాట వింటే నేను చంద్రుని మీదికైనా పోత.

ఎష్‌బోర్న్‌ల ఒక సాయంత్రం

ఎష్‌బోర్న్ ఆఫీసుల ఊరు. ఎస్-బాన్ అనే లోకల్ రైలు దిగంగనే అద్దాల బిల్డింగులు, మెడల కార్డులు వేసుకున్న మనోళ్లు. అన్న వాళ్ల ఫ్లాట్ల తలుపు తీయంగనే పోపు వాసన. వదిన పచ్చిపులుసు, ముద్దపప్పు చేసింది. సొరకాయ దొరకలేదని జుకినీ ఏసి కూర చేసింది, అది కూర లెక్కనే ఉన్నది, జుకినీ అని చెప్పకపోతే సరి.

తింటున్నప్పుడు అసలు కథ తెలిసింది. అక్షయ ఎనిమిదో తరగతి హైదరాబాద్‌ల చదివి ఇటు వచ్చింది. జర్మన్ మధ్యల మొదలుపెట్టింది కాబట్టి రెయాల్‌షూలే అనే మామూలు బడిల వేసిండ్రు. ఇప్పుడు పదో తరగతి అయిపోతున్నది. ఇక్కడ యూనివర్సిటీకి పోవాలంటే అబిటూర్ అనే పరీక్ష రాయాలె. క్లాస్ టీచర్ ఏమో, ఈమె భాషతోని అబిటూర్ కష్టం, ఏదన్నా పని నేర్చుకోనియ్యండి అన్నది. సరస్సు పక్క బడిల సగం పాఠాలు ఇంగ్లీష్‌ల ఉంటయి, స్కాలర్‌షిప్ కూడా ఉన్నది. కానీ ఆ స్కాలర్‌షిప్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, దేశమంతా పిల్లలు పోటీ పడుతరు.

సీటు రాకపోతే వదిన, అక్షయ హైదరాబాద్ వాపస్. అక్కడ కార్పొరేట్ కాలేజీల ఇంటర్, హాస్టల్. అన్న ఇక్కడ ఒక్కడే. అక్షయ ఈ మాట వచ్చినప్పుడు ప్లేట్ల నుంచి తల ఎత్తలే. ఇంట్ల ఆమె మాట్లాడేదే తక్కువ. వాళ్లమ్మ తెలుగుల అడిగితే జర్మన్‌ల ఒక ముక్క, వాళ్ల నాన్న అడిగితే ఇంగ్లీష్‌ల ఒక ముక్క.

అన్న మాత్రం తయారీల ఏ లోటూ పెట్టలే. జవాబులన్నీ బట్టీ పట్టించిండు. నీ లక్ష్యం ఏందంటే సమాజానికి సేవ. నీ బలహీనత ఏందంటే పని మొదలుపెడితే తిండి కూడా గుర్తుండదు. ఇంట్ల పెద్దల మాట వింటవా అంటే పెద్దల మాటే నా మాట. నాకు కూడా కొన్ని జవాబులు వాయిస్ మెసేజీలల్ల పంపిండు. మా దగ్గర పది రిజల్ట్స్ రాంగనే కాలేజీ పీఆర్వోలు ఇంటి ముంగట నిలబడి సీటు ఇస్తం రమ్మంటరు. ఇక్కడ మనమే పోయి, రెండు రోజులు వాళ్ల దగ్గర ఉండి, మేం మంచోళ్లమని చూపియ్యాలె.

పొద్దున బయలుదేరేటప్పుడు అన్న బీరువా తెరిచి ఒక శాలువా తెచ్చి నా బ్యాగుల పెట్టిండు. మెరూన్ రంగు, జరీ అంచు. హెడ్ మేడమ్‌కు కప్పాలె అన్నడు. మన దగ్గర మర్యాద అట్ల మొదలైతది కద.

"ఇంటర్వ్యూ కాకముందే కప్పాలె సరితా. అయినంక కప్పితే ఏం లాభం? మంచి శాలువా, అచ్చొచ్చిన శాలువా."

అక్షయ షూ లేసులు కట్టుకుంటున్నది. "నాన్నా, బిట్టే నిష్ట్," అన్నది మెల్లగ. వద్దు ప్లీజ్ అని అర్థం. అన్నకు ఇనపడలేదో, ఇనపడనట్టు ఉన్నడో.

స్టుట్‌గార్ట్ ప్లాట్‌ఫాం

స్టుట్‌గార్ట్‌ల రైలు మారాలె. జర్మనీ రైళ్లు గడియారం చూసుకొని నడుస్తయని మీకు ఎవరన్నా చెప్తే నమ్మకండి. మా రైలు లేటు, ఎక్కాల్సిన రైలు పోయింది. ఆ స్టేషన్ ఏండ్ల సంది కడుతున్నరట, ప్లాట్‌ఫాం నుంచి ప్లాట్‌ఫాంకు నడుస్తుంటే తీర్థానికి పోయినట్టే ఉన్నది. శుక్రవారం మధ్యాహ్నం, కార్ల కంపెనీలల్ల పని చేసేటోళ్లంత పక్క ఊర్లకు పోయే ఎస్-బాన్ కోసం నిలబడ్డరు. మాట్లాడేది జర్మనే కానీ జీగెన్ జర్మన్ కాదు. ప్రతి మాటకు చివర ఒక చిన్న తోక తగిలిస్తరు. కోరుట్ల మనిషి కాకినాడల దిగితే ఎట్లుంటదో నాకు అట్లనే ఉన్నది.

ఆకలైతే బ్రెత్సెల్ అనే ఉప్పు రొట్టె కొన్నం, మధ్యల కోసి వెన్న పూసినది, రెండు యూరోల పైన. ఇంకో డబ్బల మౌల్‌టాషెన్ అని కనిపించినయి. మన కజ్జికాయల లెక్క మడిచి ఉన్నయి. లోపల పాలకూర అని అమ్మినామె చెప్పింది. నిజమే, పాలకూర ఉన్నది. పాలకూర చుట్టూ పంది మాంసం ఉన్నది, అది అడగలేదు కాబట్టి చెప్పలే. అక్షయ ఒక ముక్క కొరికి నా దిక్కు చూసింది. నేను డబ్బ మీద చదివిన. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నం. మొదటిసారి పిల్ల నవ్వింది.

"అమ్మకు చెప్పకు అత్తా."

"నువ్వు అన్నకు చెప్పకు," అన్న నేను. ఆ క్షణం నుంచి మాకు దోస్తీ కుదిరింది.

సరస్సు దిక్కు పోయే రైలు

ఉల్మ్ దాటినంక కిటికీల పచ్చదనం మొదలైంది. మా ఎదురుంగ ఒక ముసలామె కూర్చొని మేజోళ్లు అల్లుతున్నది. పక్కన సంచిల తెల్ల శతావరి కట్ట, ష్పార్గెల్ అంటరు. వసంతం వచ్చిందంటే జర్మన్లకు దాని మీదనే ధ్యాస, మనకు మామిడికాయ వచ్చినట్టు. ఆమె దాని పొట్టు ఎట్ల తీయాల్నో చెప్పింది, నేను ఆవకాయ ఎట్ల పెడుతరో చెప్పిన. పట్టా ఫొటో కూడా చూపించిన, మరి అడగకున్నా చూపించాలె కద.

బ్రెత్సెల్ ఉప్పు దులుపుకోవడానికి బ్యాగు తెరిస్తే శాలువా కొస బయటికొచ్చింది. అల్లికలు చేసే మనిషి కద, చేయి ఆగలే. అంచు పట్టుకొని వేళ్లతోని తడిమి చూసింది. పాతది, బాగ దాచుకున్నరు, మడత కాడ దారం పలచబడ్డది చూడు అన్నది. దేనికని అడిగింది. మా దగ్గర గొప్పోళ్లకు భుజాల మీద కప్పుతం, ఇది బడి హెడ్ మేడమ్‌కు అని చెప్పిన. ముసలామె అల్లిక ఆపింది.

"ఆమె మీకేం చేసింది?"

ఇంకా ఏం చేయలేదు, రేపు ఎల్లుండి చూడాలె అన్న. ఆమె తల ఊపి మళ్లీ అల్లిక పట్టుకున్నది. నేను కిటికీ దిక్కు తిరిగిన. సరస్సు కనిపిస్తున్నది, అవతలి ఒడ్డున మంచు కొండలు. అక్షయ మాత్రం కొండలు చూడలే. నా బ్యాగు దిక్కే చూస్తున్నదని అప్పుడు నాకు తట్టలే.

కొండ మీది బడి

స్టేషన్ నుంచి బస్సు. రెండు పక్కల ఆపిల్ తోటలు, అన్నీ పూత మీద ఉన్నయి. పాత భవనం, గంట, ముందు పెద్ద ముంగిలి. మన ప్రైవేటు కాలేజీల గేటు కాడ ర్యాంకుల ఫ్లెక్సీలు ఉంటయి కద, ఇక్కడ గేటే లేదు. ఒక మేక ఉన్నది. పిల్లలు పెంచుతున్న మేకట, పేరు కూడా పెట్టిండ్రు.

వచ్చిన పిల్లలందరినీ అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్ అని పంచిండ్రు. తోడు వచ్చిన పెద్దలు కింద ఊర్ల గెస్ట్‌హౌస్‌ల ఉండాలె. హాస్టల్ చూసుకునే మేడమ్ అక్షయ సామాను తీసుకుంటుంటే, పిల్ల, అత్తా నీ బ్యాగుల నా స్వెటర్ ఉన్నది, తీసుకుంట అన్నది. తీస్కో బిడ్డా అన్న.

శనివారం పొద్దున మామూలు క్లాసులల్ల కూర్చోబెట్టిండ్రు. టీచర్ రాంగనే అక్షయ అలవాటుల లేచి నిలబడ్డదట, మిగతా ఎవ్వరూ లేవలే. టీచర్ వెనక్కి తిరిగి, ఏమన్నా పోయిందా అని అడిగిందట. ఇది మధ్యాహ్నం తోటల నడుస్తుంటే అక్షయనే చెప్పింది. చెప్పి తనే నవ్వింది. భోజనం అయినంక అందరూ ప్లేట్లు కడగాలె, కంపెనీ డైరెక్టర్ల పిల్లలైనా సరే. ఒక పిల్లగాడు ఇంట్ల ఎప్పుడూ కడగలేదట, ఈమె పక్కన నిలబడి నేర్పిందట. రాత్రి భోజనంల మాంసం పెడుతరంటే, శనివారం కాబట్టి తినను అని చెప్పిందట. ఎందుకు అని వరసగ అడిగిండ్రట. దేవుని గురించి జర్మన్‌ల చెప్పాల్సి వస్తే వ్యాకరణం మొత్తం దేవుని మీదనే వదిలేసిన అత్తా అన్నది.

నేను ఆమె దిక్కు చూసిన. ఎష్‌బోర్న్‌ల ముక్క ముక్క మాట్లాడిన పిల్ల ఈమేనా అనిపించింది. సీటు రావాలె అని నాకు గట్టిగ అనిపించింది అప్పుడే. అప్పటిదాక అన్న చెప్పిండని వచ్చిన.

ఆదివారం, ఆ గది ముంగట

ఇంటి వాళ్లతోని కలిపి ఇంటర్వ్యూ ఆదివారం. గది ముందు బెంచీ మీద కూర్చున్నం. అన్న ఫోన్.

"కప్పినవా?"

ఇంకా పిలవలేదు అన్నా అని, శాలువా తీసి చేతుల పట్టుకుందామని బ్యాగు తెరిచిన. లేదు. మడత పెట్టిన చీర కింద చూసిన, లేదు. చెప్పుల సంచిల చూసిన, లేదు. రైల్ల పడిపోయిందా, ముసలామె తీసుకున్నదా. అచ్చొచ్చిన శాలువా. అన్నకు ఏం చెప్పాలె. అక్షయ పక్కనే కూర్చొని గోడ మీద ఫొటోలు చూస్తున్నది. తలుపు తెరిచి రమ్మన్నరు.

హెడ్ మేడమ్ పొడుగ్గా ఉన్నది, పొట్టి తెల్ల జుట్టు, స్వెటర్ మీద మేక వెంట్రుకలు. నేను ఎవరని అడిగింది. అన్న అని పిలిస్తే ఆయన బిడ్డకు అత్తనైపోత, మా దగ్గర అంతే అని చెప్పిన. అంటే బంధువు కాదా అన్నది. బంధువు కంటే ఎక్కువ అన్న. ఆమె ఏదో రాసుకున్నది.

కుర్చీల కూర్చుంటే నాకు ఒకటి గుర్తొచ్చింది. నా బడిల సార్ పిలిచిన ప్రతిసారి మా అమ్మ గుమ్మం బయటనే నిలబడేది. బీడీ ఆకు వాసన వస్తదని లోపలికి రాకపోయేది. ఇంటి పెద్ద కూర్చునే కుర్చీల మా ఇంట్ల నుంచి కూర్చున్న మొదటి మనిషిని కూడా నేనే. మూడో రికార్డు. నడుము నిటారుగ పెట్టుకొని కూర్చున్న.

మేడమ్ అక్షయను లెక్కల గురించి, మేక గురించి, ప్లేట్ల గురించి అడిగింది. తర్వాత అడిగింది, ఇంట్ల పెద్దోళ్లు చెప్పినదానికి నువ్వు ఒప్పుకోకుంట చేసిన పని ఒకటి చెప్పు.

నాకు ధైర్యం వచ్చింది. దీనికి జవాబు బట్టీ పట్టిచ్చింది ఉన్నది. అక్షయ ఇంగ్లీష్‌ల మొదలుపెట్టింది, మా ఇంట్ల పెద్దల మాటే, అని. అక్కడ ఆగింది. ఆగి జర్మన్‌లకు మారింది. అన్న ఇంగ్లీష్‌ల మాట్లాడు, నీ జర్మన్ తప్పులు పోతయి అని ఎంత చెప్పిండో.

"మొన్న శుక్రవారం చేసిన. మీకు కప్పమని మా నాన్న ఒక శాలువా పంపిండు. అది అత్త బ్యాగుల నుంచి తీసి హాస్టల్ల నా దిండు కింద దాచిపెట్టిన."

నా నోరు తెరుచుకున్నది. మేడమ్ నా దిక్కు చూసింది, నేను మూసుకున్న. ఎందుకు దాచినవని ఆమె అడిగింది. అక్షయ శాలువా అంటే ఏందో చెప్పింది. భాష తడబడ్డది, కొన్ని మాటలు చేతులతోని చెప్పింది, కానీ ఆగలే. ఆ శాలువా కొన్నది కాదట. వాళ్ల నాన్నకు ఇంజినీరింగ్ సీటు వచ్చినప్పుడు ఆయన చదివిన సర్కారు బడిల, ఊరందరి ముంగట, హెడ్మాస్టర్ కప్పిన శాలువా అట. ఆ రోజు వాళ్ల తాత జనం వెనక నిలబడి చూసిండట. ఇల్లు మారిన ప్రతిసారి నాన్న ముందు దాన్నే సర్దుతడట.

"మా దగ్గర ఎవరన్నా ఏదన్నా చేసినంక కప్పుతరు. మీరు మాకు ఇంకా ఏం చేయలే. ఇప్పుడు కప్పితే సీటు అడిగినట్టు ఉంటది. అది మా నాన్న కష్టపడి తెచ్చుకున్నది. దాన్ని అడుక్కోవడానికి వాడొద్దు."

మేడమ్ నవ్వలే, మెచ్చుకోలే. మరి మీ నాన్నకు ఏం చెప్తవ్ అని మాత్రం అడిగింది.

"ఇదే చెప్త. కోపం వస్తది ఆయనకు," అన్నది అక్షయ.

బయటికొచ్చినంక నేను, స్వెటర్ అన్నవు కద అన్న. స్వెటర్ కూడా తీసుకున్న అత్తా, అబద్ధం చెప్పలే అన్నది.

మళ్లీ ఎష్‌బోర్న్

వాపస్ రైలు టైముకే వచ్చింది, మనకు తొందర లేనప్పుడు అట్లనే వస్తది. ఇంటికి పోంగనే అన్న మొదలు అడిగింది శాలువా సంగతే. ఫోన్‌ల నేను దాటేసిన మరి. అక్షయ బ్యాగుల నుంచి తీసి టేబుల్ మీద పెట్టి, గదిల చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఈసారి తెలుగుల. అంత తెలుగు ఆమె నోట్ల నుంచి వదిన కూడా ఈ మధ్య ఇనలేదట.

అన్న శాలువా దిక్కు చూసిండు. నీ చేతుల సీటు నువ్వే పోగొట్టుకున్నవ్ బిడ్డా అన్నడు. అరిచింది లేదు, అదే భయం వేసింది. నా దిక్కు చూసి, నువ్వు చదువుకున్నదానివి అనుకున్న అన్నడు. ఆ మాట మాత్రం గుచ్చుకున్నది. అయినా చెప్పిన, అన్నా, నేను బట్టీ పట్టి పాసైన జవాబులు చాలా ఉన్నయి, కానీ అక్షయ చెప్పినటువంటి జవాబు ఒక్కటి కూడా నేను ఏ పరీక్షల రాయలే. అన్న లేచి బాల్కనీలకు పోయిండు.

సోమవారం నేను జీగెన్ పోవాలె, పోలేకపోయిన. వదిన హైదరాబాద్ టికెట్ల ధరలు ఫోన్‌ల చూస్తున్నది, చూస్తలేనట్టు. అన్న ఇంటి నుంచే పని. మధ్యాహ్నం పప్పు కుక్కర్ రెండో కూత వేసేటప్పుడు ఫోన్ మోగింది. సరస్సు దిక్కు నంబరు. అన్న స్పీకర్ పెట్టిండు.

ఇగ చెప్పేస్తున్న. సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ తోని వచ్చింది. వదిన కుక్కర్ బంద్ చేయడం మర్చిపోయింది, పప్పు అడుగంటింది, అదే తిన్నం, ఆ పప్పు రుచి నేను మర్చిపోను.

ఫోన్ పెట్టే ముందు మేడమ్ అన్నతోని ఇంకో మాట అన్నది. సెప్టెంబర్ల బడి తెరిచేటప్పుడు మీరు రండి, శాలువా కూడా తేవచ్చు. కానీ అది ఎప్పుడు కప్పాల్నో మీ అమ్మాయిని అడిగి తేండి.

అన్న ఫోన్ పెట్టేసిండు. శాలువా నిన్నటి సంది టేబుల్ మీదనే ఉన్నది. దాన్ని విప్పి, పాత మడతల వెంబడే మళ్లీ మడిచిండు. తర్వాత బిడ్డ దిక్కు తిరిగిండు. రమేశన్న ఇంట్ల ఏదన్నా అడగంగ నేను చూసింది అదే మొదలు.

"ఎప్పుడు కప్పుదాం బిడ్డా?"

అక్షయ ఆలోచించింది. "అబిటూర్ అయినంక నాన్నా. అప్పటికి ఆమె ఏదో ఒకటి చేసి ఉంటది. నేను కూడా."

అన్ని రోజులు బీరువాల ఉంటే జరీకి పురుగు పట్టదా అన్నది వదిన, కండ్లు తుడుచుకుంట.

"పట్టనిస్తనా?" అని అన్న శాలువా తీసుకొని బీరువా దిక్కు నడిచిండు.